తొమ్మిదో బావిలో నూనె వచ్చిందా?

మా బావను ఆఫీసులో అందరూ నీళ్ళ మాస్టారంటారు. ఆయన పాఠాలు చెప్పలేదు, నీళ్ళూ అమ్మలేదు. నేల కింద రెండు మూడు కిలోమీటర్ల లోతున ఉన్న రాళ్ళలో నూనె ఉందా, నీళ్ళున్నాయా అని చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. నూటికి ఎనభై సార్లు నీళ్ళే ఉంటాయి. ఉన్నదున్నట్టు రాస్తాడు కాబట్టి ఆ పేరు పడింది. నెలల తరబడి ఎండలో బావి తవ్వినవాళ్ళు ఆఖరికి ఆయన గది ముందు నిలబడి ఆయన మొహంలోకి ఆశగా చూసేవాళ్ళు. ఆ మొహం చూసి ఏమీ కనిపెట్టలేం. మా అక్క ఇరవై తొమ్మిదేళ్ళుగా చూస్తోంది, ఆవిడ వల్లే కాలేదు.

ఇంట్లోనూ అంతే. ఒకసారి వంటింట్లో కొళాయి కింద ఏదో కారుతోందని అక్క పిలిస్తే, వచ్చి వంగి, వేలు పెట్టి చూసి, "నీళ్ళే" అని చెప్పి వెళ్ళిపోయాడట. రిపోర్టు ఇచ్చేశాడు, పని అయిపోయింది. బాగుచేయడం వేరే డిపార్టుమెంటు.

నేను ఆయన బావమరిదిని. అదే ఆఫీసులో రాళ్ళ షెడ్డు నాది. బావి తవ్వేటప్పుడు ముఖ్యమైన చోట్ల రాయిని గొట్టంతో కోసి, కడ్డీలా పైకి తీస్తారు. ముంజేయంత లావుంటుంది. దాన్ని ముక్కలుగా మీటరు పొడవు చెక్కపెట్టెల్లో సర్ది, మీద బావి నంబరు, లోతు, పెట్టె నంబరు రాసి అరల్లో పెడతాం. నా దగ్గర పదకొండు వేల పెట్టెలున్నాయి. ఎవడికీ అక్కర్లేదు. నాకెవరైనా ఫోన్ చేశారంటే షెడ్డు తలుపు మూసే ఉందా అని అడగడానికే.

బావ పని మాత్రం చూడ్డానికి బాగుండేది. బావి తవ్వడం అయ్యాక పరికరాలను కేబుల్‌కి కట్టి అడుగు దాకా దించుతారు. తర్వాత మెల్లగా పైకి లాగుతారు. అవి పైకొస్తూ దారిపొడవునా రాతిగోడను తడిమి, ఒక్కోటి ఒక్కో గీత గీస్తాయి. ఇప్పటి పిల్లలు ఆ గీతల్ని కంప్యూటర్‌లో చూసుకుంటారు. బావ అలా కాదు. ఇరవై అడుగుల కాగితం మీద అచ్చు తీయించి, మేడ మీద వరండాలో నేల మీద పరిచి, చెప్పులు విప్పి, అడుగు కొసన నిలబడి మొదలుపెట్టేవాడు. పరికరం ఎటు నుంచి వచ్చిందో మనిషీ అటు నుంచే రావాలంటాడు. టీ కప్పులు పట్టుకుని పోయేవాళ్ళు గోడకు ఆనుకుని నడిచేవాళ్ళు. కాగితం తొక్కితే ఏమీ అనడు. అక్కడే ఆగి, తొక్కిన పాదం వంక చూస్తూ నిలబడతాడు. తిట్టినా అంతకన్నా నయం.

ముందు బావి వెడల్పు గీత చూస్తాడు. గోడ విరిగి గుంత పడ్డ చోట మిగతా గీతలు ఏం చెప్పినా నమ్మడు. తర్వాత అది బంకమన్నా ఇసుకరాయా అన్న గీత. తర్వాత రాయిలో ఎంత ఖాళీ ఉందో చెప్పే గీతలు రెండు. ఆఖర్న కరెంటు గీత. ఉప్పునీళ్ళు కరెంటును పోనిస్తాయి, నూనె పోనివ్వదు. రాయిలో ఖాళీ ఉండి, కరెంటు సాఫీగా పోతే నీళ్ళు, మొండికేస్తే నూనె. ఇంతే సూత్రం. ఇంతే అయితే నేనూ చెప్పేవాణ్ణి, మా అక్కా చెప్పేది.

ఇప్పుడు తొమ్మిదో బావి సంగతి చెప్పాలి. చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తర్వాత చెప్తాను.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. తొమ్మిదో బావి కాగితం వరండాలో పరిచారు. కరెంటు సాఫీగా పోతోంది. నీళ్ళని కుర్ర ఇంజనీరు కూడా చెప్పేస్తాడు. బావ మాత్రం ఒకచోట నాలుగు మీటర్ల మేర గంటసేపు కూర్చున్నాడు. గోడకు ఆనుకుని పోయే ఒక చిన్న పరికరం గీసిన గీత అక్కడ రంపపు పళ్ళలా ఉంది. ఆయన చెప్పిందేమిటంటే, అక్కడ ఇసుకా బంకమన్నూ వేలెడంత మందాన ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. పెద్ద పరికరం ఒక్కోసారి మీటరు మేర చూస్తుంది. ఇంటిల్లిపాదినీ ఒకేసారి కాటా ఎక్కించి తలకింత అని పంచితే ఎవరు లావో తెలియనట్టు, బంకమన్ను కరెంటును పోనిస్తూంటే పక్కనున్న నూనె లెక్కలోకే రాలేదు. రిపోర్టులో 'నూనె, పరీక్షించాలి' అని రాశాడు. నీళ్ళ మాస్టారు నూనె అని రాశాడని ఆఫీసంతా ఒకటే గోల. ఆ రోజు క్యాంటీన్‌లో ఎవరో ఆయన భుజం తట్టారట. అలాంటివి ఆయనకు అలవాటు లేక, ఏం కావాలని అడిగాడట.

అప్పటి పెద్ద ఆఫీసరు, పరీక్ష పెట్టేముందు రాయి చూద్దామన్నాడు. అదృష్టమో దురదృష్టమో, ఆ లోతులో పది మీటర్ల కడ్డీ తీశారు. బావ చెప్పిన పై నాలుగు మీటర్ల నుంచి, అంటే రెండు, మూడు, నాలుగు నంబర్ల పెట్టెల నుంచి మూడు ముక్కలు లాబుకు పంపారు. జవాబొచ్చింది: బంకమన్ను. ఇసుక లేదు, ఖాళీ లేదు, నూనె లేదు. "గీతలు కాగితం మీద. రాయి చేతిలో ఉంది," అన్నాడు ఆఫీసరు మీటింగులో. బావ తన కాగితం చుట్ట చుట్టుకున్నాడు. మిగతా పెట్టెలు ఎవరూ తెరవలేదు. బావికి తాత్కాలికంగా బిరడా వేసి వదిలేశారు. ఆ ఏడాది బావకు రావలసిన పెద్ద కుర్చీ ఆయన కింద పనిచేసే ఆవిడకు వెళ్ళింది. ఆమే ఇప్పుడు మా మేడమ్. మంచిదే, నాకామె మీద కోపం లేదు.

అప్పటి నుంచి నాకో ఆట దొరికింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళింట్లోనే నా భోజనం. కంచం ముందు కూర్చోగానే అడిగేవాణ్ణి:

"బావా, తొమ్మిదో బావిలో నూనె వచ్చిందా?"

"లేదు. నీళ్ళే," అనేవాడు తల ఎత్తకుండా.

"నోరుముయ్యరా, తిననీ ఆయన్ని," అనేది అక్క. నేను నవ్వేవాణ్ణి. పద్నాలుగేళ్ళు. ఏడాదికి యాభై ఆదివారాలు. లెక్క మీరే వేసుకోండి, నాకు వేయబుద్ధి కావడం లేదు. బావను బావమరిది కాకపోతే ఇంకెవడు ఆటపట్టిస్తాడని నా ధీమా.

ఒకసారి, బావి మూసిన రెండేళ్ళకనుకుంటా, ఆయన షెడ్డుకొచ్చాడు. తొమ్మిదో బావి పెట్టెలు ఒకసారి చూస్తానన్నాడు. నేను టీ తాగుతున్నాను. నిచ్చెన వేయాలి, పై అర. "ఎందుకు బావా, వాటి మీద పడి ఏడవడానికా?" అన్నాను. ఆయన చిన్నగా తలాడించి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. నేను టీ పూర్తిచేశాను.

మొన్న ఈ నెల మొదట్లో కాగితం వచ్చింది. తొమ్మిదో బావిని గురువారం పైదాకా సిమెంటుతో శాశ్వతంగా మూసేస్తారు, స్థలం సొంతదారుకు తిరిగిచ్చేస్తారు. ఒకసారి సిమెంటు పోస్తే ఇక అంతే. దాని రాతిపెట్టెలు కూడా ఖాళీచేసి, గుర్తుకు పెట్టెకో ముక్క ఉంచి, మిగతాది పారేయమన్నారు. నెలాఖరుకు బావ రిటైరవుతున్నాడు. ఎవరూ కావాలని చేయకపోయినా అన్నీ ఒకేసారి వచ్చాయి.

సోమవారం పొద్దున నిచ్చెన వేసి పది పెట్టెలూ దించాను. ఒకటో పెట్టె మూత తీసి, మొదటి ముక్కను తొట్లో కడిగాను. తవ్వేటప్పుడు బావిలో పోసే, డీజిలు కలిపిన బురద ఎండి పెంకులా అంటుకుపోయింది. అది ఊడిపోయాక ముక్క పై కొస చుట్టూ గాట్లు కనిపించాయి. నాలుగు పక్కలా, వరసగా, లోతుగా.

ఆ గాట్లు ఏమిటో నాకు తెలుసు. రాయి కోసే గొట్టం అడుగున, కడ్డీ జారిపోకుండా పట్టుకోవడానికి ఉక్కు పళ్ళుంటాయి. పైకి లాగేటప్పుడు అవి రాయిని కరుస్తాయి. కరిచేది అట్టడుగు ముక్క కింది కొసను. ఇంకెక్కడా కరవ్వు. ఆ అట్టడుగు ముక్క ఒకటో పెట్టెలో, అన్నిటికన్నా పైన, పళ్ళగాట్లు ఆకాశం వైపు పెట్టుకుని కూర్చుంది.

పెట్టె మీద నంబరు రాసింది ఎవరో చూడక్కర్లేదు. 'ఒకటి' అంత వంకరగా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు నేను షెడ్డులో లేను, బావి దగ్గర పనిలో చేరి మూడు వారాలైంది. బావ చెప్పిన మాట మీదే ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆ రోజు వాన. కడ్డీ ముక్కలు ముక్కలుగా గొట్టం కింది నుంచి దిగుతోంది. మా పైవాడు పెట్టెలు చూపించి, "వరసగా పెట్టు," అని టార్పాలిన్ కిందికి పోయాడు. నేను వరసగానే పెట్టాను. మొదట వచ్చినది ఒకటో పెట్టెలో, ఆఖర్న వచ్చినది పదో పెట్టెలో. గొట్టం కింది నుంచి మొదట జారేది అడుగు ముక్క అన్న ఆలోచనే రాలేదు. పైది ఎటో తెలియడానికి ముక్కల మీద కుడివైపు ఎర్ర గీత, ఎడమవైపు నల్ల గీత కొట్టాలి. అవి కూడా కొట్టాను, చక్కగా స్కేలు పెట్టి. పది మీటర్ల నేలను తలకిందులు చేసి, అందంగా ముస్తాబు చేసి పంపాను. డీజిలు బురద కంపులో ఏ ముక్క నూనె వాసన వేసిందో ఎవడికి తెలుసు?

తర్వాతి బావి దగ్గర ఒక ముసలాయన నా నెత్తిన మొట్టి, "మొదటొచ్చేది అడుగుదిరా మొద్దూ!" అని నేర్పాడు. ఆ రోజే నాకు తొమ్మిదో బావి గుర్తు రావలసింది. రాలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు గట్టిగా అడిగితే, ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

పదో పెట్టె తెరిచాను. కడిగాను. ఇసుక, బంకమన్ను, ఇసుక, బంకమన్ను. వేలెడు మందం. ఇసుక పొరలన్నీ గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బురద పోయింది, నూనె వాసన పోలేదు.

సాయంత్రం అక్కావాళ్ళింటికెళ్ళాను. సంచిలో గాట్ల ముక్క ఉంది. బావ ఇంకా రాలేదు.

"సోమవారం వచ్చావేంట్రా? సంచిలో ఏంటది?" అంది అక్క.

"రాయి."

"మా ఇంటికి రాళ్ళు తెస్తావా? మీ బావ తెచ్చినవి చాలవూ?" అని, గొంతు తగ్గించి చెప్పింది. "రిటైర్మెంటు సభ వద్దంటున్నార్రా. ఎందుకండీ అంటే, మాట్లాడేవాళ్ళు ఎలాగూ తొమ్మిదో బావి ఎత్తుతారు, నవ్వుతారు, నేనూ నవ్వాలి, అంటున్నారు. నువ్వు కూడా ఇక ఆ మాట అడక్కురా. ఆయన చెప్పరు గానీ, ఆదివారం నువ్వొచ్చే ముందు ఒక్క నిమిషం అలా గోడ వంక చూస్తూ కూర్చుంటారు."

ఇరవై తొమ్మిదేళ్ళుగా అక్క మొగుడు, నాకు ఉద్యోగం ఇప్పించిన మనిషి, వారానికోసారి నన్ను తట్టుకోవడానికి గోడ చూస్తూ బలం తెచ్చుకున్నాడు. బావ వచ్చేలోగా పనుందని చెప్పి లేచి వచ్చేశాను. రాయి నాతోనే వచ్చింది.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. గురువారం సిమెంటు పోస్తారు, పెట్టెలు పారేస్తాను, నా మిగతా సర్వీసు నేను చేసుకుంటాను. బావ నీళ్ళ మాస్టారుగా ఇంటికి పోతాడు. ఇంత సుళువైన పని నా జన్మలో తగల్లేదు. ఆ సుళువే నన్ను తినేసింది.

మంగళవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్ళి, రాయి బల్ల మీద పెట్టాను.

"తొమ్మిదో బావిది. ఒకటో పెట్టెలో మొదటి ముక్క," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. గాట్ల మీద బొటనవేలు తిప్పాడు. రాయిని మెల్లగా తలకిందులు చేసి పెట్టాడు. అది ఇప్పుడు సరిగ్గా నిలబడింది.

"పెట్టెల్లో సర్దింది ఎవరు?"

"నేనే బావా. ఆ రోజు వాన. మొదటొచ్చిన ముక్కను ఒకటో పెట్టెలో పెట్టేశాను."

తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా చూశాను. ఆయన లేచి, బీరువాలో అన్నిటికన్నా కింది అరలోంచి ఒక కాగితం చుట్ట తీశాడు. వరండాలో పరిచి, చెప్పులు విప్పాడు. "పెట్టెలు తీసుకురా. పదోది పైన," అన్నాడు.

పది పెట్టెలు మేడ మీదికి మోశాను. నా నడుం నన్ను తిట్టింది, తిట్టనీ అనుకున్నాను. ఆయన చెప్పిన చోట కాగితం పక్కన పదోది పైన, ఒకటోది అడుగున పరిచాను. ఆయన అడుగు కొస నుంచి నడుచుకుంటూ వచ్చాడు. బంకమన్ను దగ్గర గీత బంకమన్నంది. పై నాలుగు మీటర్లలో గీత ఎక్కడ పన్ను పెట్టిందో రాయిలో అక్కడే ఇసుక పొర ఉంది. ఒక్కటి తప్పలేదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పొర మీదా వేలు పెట్టి, పక్కన కాగితం మీద వేలు పెట్టి, అలా పైదాకా వెళ్ళాడు. టీ కప్పులతో వచ్చినవాళ్ళు ఆగిపోయారు. ఎవరూ కాగితం తొక్కలేదు.

మేడమ్ వచ్చి చూసింది. ఆమెకు రెండు నిమిషాలు సరిపోయాయి. ఫోన్ తీసి సిమెంటు వాళ్ళను ఆపమంది. తర్వాత, "ఇవి ఎవరు సర్దారు?" అని అడిగింది.

బావ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పాత సంగతి. బావి దగ్గర వానట," అన్నాడు.

"నేను సర్దాను మేడమ్," అన్నాను. గట్టిగానే అన్నాను, వరండా చివరిదాకా వినపడేలా. "మాస్టారు రాసింది కరెక్టు. తప్పు నాది."

మేడమ్ నా వంక ఒకసారి చూసి, బావ వైపు తిరిగింది. "సార్, ఇలాంటి గీత ఇంకెక్కడైనా కనిపించిందా మీకు?"

బావ జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగింది. దాని మీద పదకొండు బావుల నంబర్లున్నాయి. "వీటిలో. అన్నిటికీ నీళ్ళని రాశాను," అన్నాడు. "తొమ్మిదో దాని తర్వాత నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. కనిపించింది రాయడానికి భయమేసింది. ఇది మాత్రం నా తప్పే, వీడిది కాదు."

ఆయన నోట భయం అన్న మాట వినడం నాకదే మొదలు. నేను పాడుచేసింది ఒక్క బావి అనుకున్నాను. ఆ పద్నాలుగేళ్ళలో ఆయన పరిచిన ప్రతి కాగితం మీదా నేను నిలబడే ఉన్నాను.

నాకు మెమో వచ్చింది. మొదటి ముక్కను ఒకటో పెట్టెలో ఎందుకు పెట్టారో వారంలోగా వివరించమన్నారు. మొదటిది కాబట్టి, అని రాశాను. ఇంకేం రాయను? రాతిముక్కలు సర్దడంలో ఒకరోజు శిక్షణకు పంపారు. అక్కడ మిగతావాళ్ళందరూ నా వయసులో సగం. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి.

తొమ్మిదో బావి బిరడా తీసి, గోడకు చిల్లులు పెట్టి, బావ చెప్పిన నాలుగు మీటర్లనూ పరీక్షించారు. ఆయన రిటైరయ్యే వారంలో ఫలితం వచ్చింది. నేను ఎవర్నీ అడగలేదు. ఆఫీసులో అందరికీ తెలుసు, నేను చెవులు మూసుకుని తిరిగాను. మేడమ్ కనిపిస్తే వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాను.

ఆదివారం అక్కావాళ్ళింటికెళ్ళాను. వెళ్ళకుండా ఉందామనుకుంటే అక్క ఫోన్ చేసి, "మెదలకుండా రా," అంది. నేనూ బావా కూర్చున్నాం. అక్క వడ్డించింది. నేను కంచం వంక చూస్తూ తింటున్నాను. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దంగా నేనెప్పుడూ తినలేదు.

బావ ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు.

"ఏంట్రా, ఇవాళ అడగవా?"

నేను తల అడ్డంగా ఊపాను, అడగనని.

"అడుగు."

"వద్దు బావా."

"అడగరా. పద్నాలుగేళ్ళు అడిగావు, ఇవాళేం వచ్చింది?"

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ ప్రశ్నను అన్ని వందల సార్లు ఎంత తేలిగ్గా అడిగానో గుర్తొచ్చి సిగ్గేసింది.

"బావా," అన్నాను, "తొమ్మిదో బావిలో నూనె వచ్చిందా?"

"వచ్చిందిరా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆయన కాసేపు నా వంక చూసి, తన మంచినీళ్ళ గ్లాసు నా కంచం దగ్గరికి జరిపి, మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.